గానీ తర్వాతి మాట

అమ్మాయీ,

వలసల విషయంలో జార్జియా రాష్ట్ర ఓటర్ల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఓటేసే మనిషిని మాత్రం 'ఏదీ తేల్చుకోలేనివాడు' అని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. నా పేచీ అక్కడే.

కిందటేడు గాలివానకి మా పక్కింటాయన ఇంటి పైకప్పు దెబ్బతింది. ఆయన 2020లో బైడెన్‌కి, 2024లో ట్రంప్‌కి వేశాడు. 2020లో ఈ రాష్ట్రాన్ని తేల్చింది 11,779 ఓట్లే, గుర్తుందిగా. కప్పు బాగుచేయడానికి నలుగురు కుర్రాళ్లు వచ్చారు, స్పానిష్‌లో మాట్లాడుకుంటూ. ఆయన నిచ్చెన దగ్గర నిలబడి వాళ్లకి మంచినీళ్ల సీసాలు అందిస్తూ నాతో అన్నాడు: "సరిహద్దు మూయాల్సిందే. గానీ వీళ్లని పట్టుకుపోతే ఊరుకోను." రెండు మాటల మధ్య ఎక్కడా తడుముకోలేదు. నువ్వైతే మొదటి మాట రాసుకుని ఇంటికెళ్లిపోయేదానివి.

వలసలు తగ్గాలన్నవాళ్లు, గాలప్ సంస్థ దేశమంతా చేసిన సర్వేలో, 2024లో 55 శాతం, 2025లో 30 శాతం. జనం మనసు మారిందని రాశావు. సరిహద్దు దాటి వచ్చేవాళ్లు తగ్గాక, మొదటి మాట సద్దుమణిగి రెండోది పైకి వచ్చిందేమో? అడిగి చూడు.

ఇక కంపెనీలు. 2025 సెప్టెంబర్ 4న మన రాష్ట్రంలోనే ఎల్లబెల్ అనే ఊళ్లో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీలో ఇమిగ్రేషన్ అధికారులు 475 మందిని పట్టుకున్నారు. మూడొందల మందికి పైగా కొరియావాళ్లే. కాళ్లకీ చేతులకీ గొలుసులు వేసిన వీడియోని అధికారులే బయటపెట్టారు. హ్యుందాయ్ నోరు మెదపలేదన్నావు. మెదిపింది. తమకు తెలిసినంతవరకు పట్టుబడ్డవాళ్లలో తాము నేరుగా పెట్టుకున్న ఉద్యోగులెవరూ లేరంది. ఆ 'నేరుగా' దగ్గర ఆగి, దాని వెనకున్న కాంట్రాక్టర్ల వరసంతా తవ్వి రాయి. 2017లో ట్రంప్ ఏడు దేశాలవాళ్ల రాకని ఆపేసినప్పుడు యాపిల్, గూగుల్ సహా దాదాపు వంద కంపెనీలు అది తప్పని కోర్టుకు రాసిచ్చాయి. అప్పుడు చిక్కుకుంది వాళ్ల సొంత ఇంజనీర్లు. కప్పులెక్కే కుర్రాళ్ల కోసం అంత గొంతు లేవదు. నాకు దీని మీద కోపం ఉంది, నీకూ ఉంటే దాచుకోకు.

మన ఇళ్లలోనూ ఆ 'గానీ' ఉంది. గ్రీన్ కార్డు కోసం ఏళ్లు కాచుకున్న మీ బాబాయిని అడుగు. "మేం వరసలో నిలబడి వచ్చాం" అంటాడు. అక్కడ లేచి వచ్చేయకు. ఇంకో కప్పు కాఫీ అడిగి, కూర్చో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు