మెరుపు చూసి మురిసిపోకు

పర్లాకిమిడి

చిరంజీవి తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

జీన్‌ను అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ (ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ)ని పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) మోసుకుని కణాల్లోకి పోయిందని బరంపురం నుంచి నువ్వు పంపిన ఫొటో చూశాను. కణాలన్నీ ఆకుపచ్చగా మెరుస్తున్నాయి. అవి ఫిక్స్ చేసిన (రసాయనంతో చంపి బిగించిన) కణాలా, బతికున్నవా? ముందు ఆ మాట చెప్పు. ఫిక్స్ చేస్తే పొర బయట అంటుకున్న పెప్టైడ్ కూడా కేంద్రకం దాకా పోయినట్టు కనిపిస్తుంది. 2003 నాటికే ఈ సంగతి బయటపడింది. అది చదివి కూడా నేను ఆర్నెల్లు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా అడుగుతున్నాను. కణాలను హెపారిన్‌తో కడిగి, ట్రిప్సిన్ ఎంజైమ్ పెట్టి, పొర బయట అంటుకున్నది ఊడగొట్టాక, బతికుండగానే చూడు.

అప్పుడూ చుక్కలు చుక్కలుగానే కనిపిస్తే చాలావరకు సరుకు ఎండోసోముల్లో (కణం మింగినదాన్ని ఉంచే చిన్న సంచుల్లో) చిక్కుకున్నట్టే. వీధి గుమ్మం దాటిన చుట్టం వసారాలోనే కూర్చుండిపోతే వంటింట్లో పనెలా అందుకుంటాడు? ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ పని సైటోప్లాజంలో, అంటే ఆ సంచుల బయట కణం లోపలి ద్రవంలో. అక్కడికి చేరకపోతే ఎంత లోపలికి వెళ్లినా ఫలితం లేదు. మన ఏజెన్సీలో మలేరియాకు మింగించేవారే, ఆ క్లోరోక్విన్ కొంచెం కలిపి చూడు. దాంతో జీన్ బాగా అణిగితే అడ్డు ఎండోసోము దగ్గరే ఉందన్నమాట. అది పరీక్షకే, కణాలకు విషం కూడా. తర్వాత హిస్టిడిన్లు (ఒక రకం అమైనో ఆమ్లం) చేర్చిన పెప్టైడ్ తెప్పించు. ఎండోసోము పుల్లబడుతున్నకొద్దీ అవి ప్రోటాన్లు పట్టి పొరను కదిలిస్తాయి.

కలిపేటప్పుడు లెక్క కాగితం మీద వెయ్యి. 21 అక్షరాల జంట పోగు ఆర్‌ఎన్‌ఏలో రుణావేశమున్న ఫాస్ఫేట్లు దాదాపు 40. తొమ్మిది ఆర్జినిన్ల పెప్టైడ్‌కు ధనావేశాలు 9. ధనావేశాలు ఫాస్ఫేట్లకు 5 రెట్లు కావాలంటే ఒక్కో ఆర్‌ఎన్‌ఏకి 22 పెప్టైడ్లు పడతాయి. జెల్‌లో ఆర్‌ఎన్‌ఏ కదలకుండా ఆగితే పెప్టైడ్‌తో కట్టు పడినట్టే, కానీ కట్టు మరీ బిగిస్తే లోపల విడిపోదు. సీరం (రక్తంలోని ద్రవభాగం) కలిపి కూడా చూడు, చాలా పెప్టైడ్లు అక్కడే చతికిలపడతాయి.

బరంపురం సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఫ్రీజర్ నుంచి తీసిన పెప్టైడ్ సీసా గది వేడికి వచ్చాకే మూత తియ్యి.

స్క్రాంబిల్డ్ ఆర్‌ఎన్‌ఏ (అక్షరాల వరస తారుమారు చేసినది), పెప్టైడ్ ఒక్కటే, లిపోఫెక్టమిన్ (ఆర్‌ఎన్‌ఏని కణంలోకి చేర్చే కొవ్వు మందు): పోల్చి చూడటానికి ఈ మూడూ ప్రతిసారీ పక్కన ఉండాలి. పెప్టైడ్ విషానికి కణాలు చస్తున్నా జీన్ అణిగినట్టే కనిపిస్తుంది. ఎంఆర్‌ఎన్‌ఏ (జీన్ నుంచి వచ్చే నకలు) కొలిచి ఆగకు, దాన్నుంచి తయారయ్యే ప్రోటీన్ తగ్గిందని కూడా చూపించు.

దసరాకి వచ్చేటప్పుడు జెల్ ఫొటోలు, నోట్‌బుక్ తీసుకురా. కలిసి కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ