బెండకాయ నీళ్ళు, నాన్న షుగర్ మాత్రలు

తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివా. బెండకాయలు రాత్రంతా నానేసి ఆ నీళ్ళు తాగితే షుగర్ పోతుందని మీ మామయ్య ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, నాన్న పది రోజులుగా మాత్రలు మానేశారు, నువ్వేమో గ్రూపులోనే "ఇది ఫేక్" అని ఓ లింక్ పెట్టేశావు, అప్పట్నుంచి నాన్న నీ ఫోన్ ఎత్తట్లేదు.

ముందు మాత్రల సంగతి చూడు. అలక తర్వాత తీర్చుకోవచ్చు. అమ్మతో చెప్పి పరగడుపున ఓసారి, తిన్న రెండు గంటలకి ఓసారి షుగర్ చూపించు, ఆ నంబర్లు పట్టుకుని రేపే ఆయన చూపించుకునే డాక్టర్ దగ్గరికే తీసుకెళ్ళండి. విపరీతమైన దాహం, వాంతులు, మగతగా ఉండటం కనబడితే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి.

ఇక నాన్న కోపం. గుండె ఆపరేషనప్పుడు నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నది మామయ్యేనని నువ్వే రాశావు కదమ్మా, నాన్న నమ్మింది ఆ మనిషిని. నలభై మంది ముందు ఆయన్ని తప్పు పడితే నాన్నకి మనసు నొచ్చుకోదా?

2018లో మన దగ్గర పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పేపర్ ప్రకటనలతో సరిపెట్టుకోలేదు, ఊరూరికీ కానిస్టేబుళ్ళని పంపి జనంతో మాట్లాడించారు, డప్పు కొట్టించి పాటలు పాడించారు. తెలిసిన మొహం ఎదురుగా కూర్చుని చెప్తే జనం వింటారు. నీ లింక్‌కి ఆ మొహం లేదు, మామయ్యకి ఉంది.

అందుకని ముందు మామయ్యకి ఫోన్ చెయ్యి. గ్రూపులో అలా అనేసినందుకు సారీ చెప్పు, తర్వాత నాన్న షుగర్ ఎంతుందో చెప్పి "మామయ్యా, మాత్రలు వేసుకోమని మీరంటేనే వింటారు" అని అడుగు. ఆయన కావాలని చేసుంటాడని నేననుకోను, బావగారి మీద ప్రేమతోనే పంపుంటాడు.

నాన్న చల్లబడ్డాక పక్కన కూర్చుని ఆ మెసేజ్ తెరువు. దానిమీద రెండు బాణాల గుర్తుంటే చూపించు, కనీసం అయిదుసార్లు చేతులు మారాక వచ్చిందని దానర్థం. అంటే రాసిందెవరో మామయ్యకీ తెలీదు, ఆయన మీద గౌరవం తగ్గకుండానే నాన్నకి విషయం అర్థమవుతుంది. బెండకాయ కూర వండొద్దని ఎవరూ అనట్లేదు, మాత్రకి బదులు అది సరిపోదంతే.

డాక్టర్ ఏమన్నాడో నాకు రాయి తల్లీ.