వంశవృక్షం అడ్డంగా సాగిపోతుంటే
పర్లాకిమిడి నుంచి రాసినవారికి: గ్రాఫ్‌విజ్‌లో (రాతలో ఇచ్చిన సంబంధాలను బొమ్మగా గీసే సాఫ్ట్‌వేర్) వేసిన వంశవృక్షం ఏ4 కాగితం మీద సన్నటి పట్టీలా వస్తోందని, రేషియో 1.4 ఇచ్చినా పేర్లు కనబడట్లేదని అన్నారు కదా. ఆ అంకె ఎత్తుకీ వెడల్పుకీ ఉండాల్సిన నిష్పత్తి మాత్రమే. నోడ్ల (పేర్లున్న గడుల) మధ్య దూరం సాగుతుంది తప్ప పేర్లు కొత్త వరుసల్లోకి మారవు. అందుకే ఖాళీ పెరిగింది.

బరంపురంలో మా తాతగారి వృక్షానికీ ఇదే అయింది. తొమ్మిదిమంది పిల్లలు, అందరూ ఒకే వరుస! ముందు ర్యాంక్‌డిర్‌ని, అంటే తరాలు సాగే దిశను చెప్పే సెట్టింగ్‌ని, ఎల్‌ఆర్ చేయండి (rankdir=LR). తరాలు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి, అన్నదమ్ములు ఒకరి కింద ఒకరు వస్తారు. నిలువు కాగితానికి దీంతోనే సగం టెన్షన్ తీరుతుంది. అప్పటికీ పొడవైతే, బొమ్మ గీసే డాట్ కమాండ్ కంటే ముందు ఫైలును గ్రాఫ్‌విజ్‌లోనే ఉన్న అన్‌ఫ్లాటెన్ (unflatten) కమాండ్‌తో నడపండి, మైనస్ ఎల్ 3 (-l 3) ఇచ్చి. సంతానం లేని పేర్లు మెట్లుమెట్లుగా సర్దుకుంటాయి. కాగితానికి తగ్గ సైజ్ అంగుళాల్లో, ఆ సైజ్‌ని బొమ్మతో నింపే రేషియో ఫిల్ (ratio=fill) అన్నవి చివర్లో పెట్టండి. కుదరకపోతే ఫైలు పంపండి, నేనూ చూస్తాను.