సెలవు పెట్టమని చెప్పే ముందు

చిరంజీవి హరిణికి, మామయ్య ఆశీస్సులతో రాయునది.

నిన్న అక్క ఫోన్ చేసింది. వచ్చే ఏడు సంక్రాంతికి నువ్వు ఊరికి రావడం లేదట, జనవరి చివర ఏదో గేమ్ విడుదలవుతుందని లెక్క కట్టి సెలవులు దాచుకుంటున్నావట, నీతో కలిసి ఆడేవాళ్లందరినీ అదే వారానికి సెలవు అడగమన్నావట. నువ్వు ఎదురుచూస్తున్నది ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆట కొత్త భాగం కోసమని, ఆ ఆటను నీకు మొదట చూపించింది నేనేనన్న సంగతి అక్కకు ఇంకా తెలియదు కాబట్టి, "ఏదో గేమ్" అని ఆవిడ విసుక్కుంటుంటే నేను నోరు మెదపలేదు. తర్వాత మీ తమ్ముడిని అడిగి నువ్వు తయారు చేసిన పట్టిక తెప్పించుకుని చదివాను. ఇంత ఓపికగా ఇన్ని తేదీలు కూర్చి, ఒక్కొక్కదానికీ కారణం రాసిన పిల్ల మన ఇంటి పిల్ల అని గర్వపడ్డాను. కింద "సెలవు ఖాయం చేసుకున్నవారు" అన్న వరుసలో పేర్లు చూశాక మాత్రం భయం వేసి, ఈ లేఖ మొదలుపెట్టాను.

ముందు పట్టిక సంగతి చూద్దాం. ఆటకు కలిపే పెద్ద కొత్త భాగాల్లో, అంటే ఎక్స్‌పాన్షన్లలో, హెవెన్స్‌వర్డ్ 2015 జూన్ 23న, స్టార్మ్‌బ్లడ్ 2017 జూన్ 20న, షాడోబ్రింగర్స్ 2019 జూలై 2న, ఎండ్‌వాకర్ 2021 డిసెంబర్ 7న, డాన్‌ట్రైల్ 2024 జూలై 2న వచ్చాయని రాసి, అన్నీ మంగళవారాలేనని గుర్తించావు. బాగుంది. అయితే ముందుగా కొన్నవారికి తలుపులు తెరిచేది అంతకు ముందరి శుక్రవారం నాడు, మన దేశపు గడియారం ప్రకారం మధ్యాహ్నం రెండున్నరకు. ఆ శుక్రవారం లేకుండా వేసిన సెలవు లెక్క దేనికీ పనికిరాదు.

ఇక అసలు లెక్క. డాన్‌ట్రైల్‌కు ముందు చివరి పెద్ద ప్యాచ్ (ఎక్స్‌పాన్షన్ల నడుమ వచ్చే మార్పుల విడత) అయిన 6.5 వచ్చింది 2023 అక్టోబరులో, అక్కడి నుంచి విడుదలకు తొమ్మిది నెలలు పట్టింది కాబట్టి, ఈసారి చివరి పెద్ద ప్యాచ్ 7.5 ఈ 2026 వసంతంలో వస్తుందనుకుని దానికి తొమ్మిది నెలలు కలిపి జనవరి చివర అని తేల్చావు. ఆ తొమ్మిది ఎప్పుడూ తొమ్మిది కాదమ్మా. అలాంటి చివరి ప్యాచ్‌లే చూస్తే 3.5 నుంచి స్టార్మ్‌బ్లడ్‌కు అయిదు నెలలు, 4.5 నుంచి షాడోబ్రింగర్స్‌కు దాదాపు ఆరు, 5.5 నుంచి ఎండ్‌వాకర్‌కు దాదాపు ఎనిమిది. ప్రతిసారీ విరామం పెరుగుతూనే వస్తున్నప్పుడు చివరి అంకెను పట్టుకుని అదే స్థిరమనుకోవడం ఎలా కుదురుతుంది? ఈసారి పది నెలలైతే నీ జనవరి మరో నెల ఆలస్యమవుతుంది. పైగా 7.5 తేదీ కూడా నీ ఊహే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని ప్యాచ్‌కు నెలలు కలిపి రాని ఎక్స్‌పాన్షన్‌కు వారం కూడా ఖాయం చేశావు.

ఆటలో రాబోయే విశేషాలు ప్రకటించే అభిమానుల వేడుకలు, అంటే ఫ్యాన్ ఫెస్టివళ్ల వైపు నుంచి చూసినా ఇంతే. 2026 ఏప్రిల్‌లో అమెరికాలోని అనహైమ్‌లో, జూలైలో బెర్లిన్‌లో, అక్టోబర్ 31, నవంబర్ 1 తేదీల్లో టోక్యోలో జరుగుతాయని ప్రకటించారు. హెవెన్స్‌వర్డ్, స్టార్మ్‌బ్లడ్ రెండూ టోక్యో వేడుక తర్వాత ఆరు నెలలకు వచ్చాయి, డాన్‌ట్రైల్ కూడా అంతే. షాడోబ్రింగర్స్ మాత్రం 2019 మార్చిలో టోక్యో వేడుక జరిగిన మూడు నెలల చిల్లరకే వచ్చేసింది. దీన్నిబట్టి ఫిబ్రవరి అని ఒకరు, ఏప్రిల్ ఆఖరు అని ఇంకొకరు వాదించవచ్చు, ఇద్దరి చేతిలోనూ ఆధారం ఉంటుంది. నాకైతే ఏప్రిల్ ఆఖరు మీద నమ్మకం తక్కువ, ఎందుకంటే జపాన్‌లో అప్పుడే గోల్డెన్ వీక్ సెలవులు మొదలవుతాయి. సర్వర్లు మొరాయిస్తే చూసుకోవలసిన ఉద్యోగులు ఇళ్లకు వెళ్లే వారంలో ఇంత పెద్ద పని ఎవరూ పెట్టుకోరని నా అభిప్రాయం.

దుకాణాల వెబ్‌సైట్లలో కనిపించే మార్చి 31, డిసెంబర్ 31 వంటివి ఖాళీ గడి నింపడానికి వేసిన తేదీలు. ఎవరో పంపే స్క్రీన్‌షాట్లను పట్టికలోకి రానివ్వకు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. 2021 మే నెలలో ఆన్‌లైన్‌లో జరిగిన ఫ్యాన్ ఫెస్టివల్‌లో ఎండ్‌వాకర్ తేదీ నవంబర్ 23 అని ప్రకటించారు. ఇది అభిమానుల ఊహ కాదు, ఆట దర్శకుడు నవోకి యోషిదా వేదిక మీద చెప్పిన తేదీ. శుక్రవారం లెక్కన నవంబర్ 19 నుంచే ఆడవచ్చు, ఆ వెంటనే 25న అమెరికాలో థాంక్స్‌గివింగ్. మా ఫ్రీ కంపెనీకి (ఆటలో కలిసి ఆడేవాళ్ల సంఘం) అప్పట్లో నాయకుడు గుంటూరు నుంచి వచ్చి డల్లాస్‌లో స్థిరపడ్డవాడు, పనిలో గట్టివాడు, నోరు ఇంకా గట్టిది. నాలుగు రోజులు సెలవు కలిపితే పది రోజులు వస్తాయని లెక్క చూపించి, ఎవరు ఎప్పుడు సెలవు అడిగారో, ఎవరికి మంజూరైందో ఒక షీట్‌లో ఎక్కించి, అడగనివారి పేరు ఎర్రరంగులో పెట్టేవాడు. ఆ ఎర్రరంగులో చాలాకాలం ఉన్నది విజయనగరం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు. డిసెంబర్ మొదటి వారంలో చెల్లెలి నిశ్చితార్థం ఉంది, మిగిలిన కొద్ది సెలవులూ దానికే అట్టేపెట్టుకున్నాడు. "అక్కడికి వెళ్లి వర్క్ ఫ్రం హోమ్ అడుగు, ఇస్తారు" అని మా నాయకుడు రోజూ పోరు పెట్టాడు. కుర్రవాడు మెత్తనివాడు. చివరికి సెలవులు నవంబరుకు మార్చుకున్నాడు, షీట్‌లో పేరు పచ్చబడింది.

నవంబర్ 5న వాయిదా ప్రకటన వచ్చింది. ఇంకా మెరుగుపరచాలన్న పట్టుదల తనదేనని, బాధ్యతా తనదేనని చెప్పి, విడుదలను రెండు వారాలు జరిపి డిసెంబర్ 7 అన్నారు యోషిదా, అభిమానుల ముందు కంటతడి పెట్టుకున్నారు. ఆటకు అది మేలే చేసిందని ఇప్పటికీ అంటాను. కానీ కుర్రవాడి ఆఫీసులో అతని బదులు పనిచేసే మనిషిని అప్పటికే కుదిర్చేశారు, సెలవు వెనక్కి తీసుకోవడానికి వీలు లేకపోయింది, డిసెంబరుకు వేరే ఊరి నుంచి పనిచేయడానికి అనుమతీ దొరకలేదు. థాంక్స్‌గివింగ్ వారమంతా అపార్ట్‌మెంట్‌లో ఊరికే కూర్చున్నాడు. డిసెంబర్ 3న తలుపులు తెరిచినప్పుడు ప్రపంచమంతా ఒకేసారి మీద పడింది, సెమీకండక్టర్ల కొరత వల్ల సర్వర్లు పెంచే వీలు అప్పుడు లేదు, వేలమంది వెనక వరుసలో నిలబడి నిలబడి ముందుకు వచ్చేసరికి 2002 అనే ఎర్రర్‌తో బయటికి పడేవాళ్లం. చెల్లెలికి ఉంగరం తొడుగుతున్నప్పుడు అతను ఒక తెర మీద వీడియో కాల్, ఇంకో తెర మీద తన ముందు ఎంతమంది ఉన్నారో చూపించే అంకె పెట్టుకుని కూర్చున్నాడట. రద్దీకి పరిహారంగా ముందు 7 రోజులు, తర్వాత 14 రోజులు ఆట ఉచితంగా ఇచ్చారు. అతని సెలవులు ఎవరిస్తారు?

మా నాయకుడిని నేను అడిగితే "తేదీ వాళ్లు మార్చారు, నేనేం చేశాను?" అన్నాడు. తేదీ తప్పడం అతని నేరం కాదన్నది నిజమే. పరాయివాళ్ల సెలవులను తన షీట్‌లో తన సొమ్ములా ఖర్చు పెట్టడమే అతను చేసిన పని. ఆ కుర్రవాడు ఒక్క మాట అనకుండా ఫ్రీ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు, తర్వాత అతనితో పాటు ఆడేవాళ్లూ ఒక్కొక్కరుగా జారుకున్నారు.

నీ పట్టికలో ఆ వరుస చూసినప్పుడు నాకు ఆ పచ్చరంగే గుర్తొచ్చింది. నీకు "కాదు" అని చెప్పలేనివాళ్లు అందులో ఎంతమంది ఉన్నారో ఎప్పుడైనా ఆలోచించావా? ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఉందని మీ తమ్ముడు చెప్పాడు, ఆమె సెలవు అడిగిందంటే అది ఆట మీద ఇష్టంతో అడిగిందో, నీ మాట తీసేయలేక అడిగిందో నీకెలా తెలుస్తుంది? ఆ వరుస ఈ రోజే తీసెయ్యి. తిడుతున్నానని అలగకు తల్లీ, నువ్వు మాట చెబితే నలుగురూ వినే మనిషివి కాబట్టే ఇంత రాస్తున్నాను.

అంచనా వేయడం మాత్రం మానకు. ఒక్క వారం బదులు ఫిబ్రవరి నుంచి మే దాకా అని రాయి, ఏ వార్త వస్తే దాన్ని కుదిస్తావో పక్కనే రాసిపెట్టు. 2015లో వసంతం అని చెప్పిన హెవెన్స్‌వర్డ్ జూన్ 23 దాకా రాలేదని కూడా ఒక మూల వెయ్యి. సంక్రాంతి రైళ్లకు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అంటే నవంబర్ రెండో వారం, అప్పటికి టోక్యో వేడుక కూడా ముగుస్తుంది. అంతవరకూ అక్కతో రాను అనకు, ఆవిడ ఇప్పటి నుంచే అరిసెల పిండి గురించి మాట్లాడుతోంది.

ఇంకొకటి, దీన్ని మీ వాళ్లెవరూ నీకు చెప్పినట్టు లేరు. మీరు సావేజ్ రెయిడ్లు, అంటే జట్టుగా చేసే అతి కష్టమైన పోరాటాలు, ఆడేవాళ్లు. ఎండ్‌వాకర్‌కు సావేజ్ 2022 జనవరి 4న, డాన్‌ట్రైల్‌కు 2024 జూలై 30న తెరుచుకుంది, రెండూ విడుదలకు సరిగ్గా నాలుగు వారాల తర్వాత. మొదటి వారం కథ ఎవరికి వీలైనప్పుడు వాళ్లు సాయంత్రాలు ఆడుకోవచ్చు. జట్టంతా ఒకేసారి కూర్చోవలసింది ఆ నాలుగు వారాల తర్వాతే, ఆ లోపు తేదీ ఖాయమై ఉంటుంది కాబట్టి సెలవు అడగడానికి అందరికీ వ్యవధి దొరుకుతుంది. పట్టికను ఇలా దిద్ది నాకు మళ్లీ పంపు. జట్టులో వైట్ మేజ్ (గాయాలు నయం చేసే పాత్ర) స్థానం ఖాళీగా ఉంటే చెప్పు, డల్లాస్ నుంచి మీ వేళలకు శనివారాలు నేను వస్తాను.

నీ మామయ్య