బులెటిన్ నెత్తినెత్తుకున్న అమ్మాయికి

చెన్నై

అమ్మాయీ,

జులై 1 నుంచి మన రోటరీ క్లబ్బుకి నువ్వే సెక్రటరీవని, సభ్యులకి పంపే బులెటిన్ కూడా నీకే అంటగట్టారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఎవరూ ముందుకు రాని పని కాబట్టే నీదాకా వచ్చి ఉంటుంది, అయినా సంతోషం. నువ్వడిగిన పాత సంచికల కట్ట అటక మీంచి దింపించాను. టీ నగర్ వైపు వచ్చినప్పుడు తీసుకెళ్లు. చదువుకోవడానికి పనికొస్తాయి గానీ వాటినే నమూనాగా పెట్టుకోకు. సగం పేజీలు శాలువాలకే సరిపోయాయి. ఎవరు స్వాగతం పలికారు, ఎవరు ఎవరికి కప్పారు, ఎవరు వందన సమర్పణ చేశారు. ఆ పేర్లున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవరు అవి.

నేను చెప్పేది ఒక్కటే. జరిగిపోయినదానికి పావు వంతు చోటివ్వు, జరగబోయేదానికి ముప్పావు వంతు. శనివారం రాత్రి భోంచేసి, రేపు వెళ్దామా మానేద్దామా అని ఊగిసలాడే సభ్యుడు ఒకడుంటాడు చూడు, వాడి కోసం రాయి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి వదులుతారు, బండి ఎక్కడ పెట్టుకోవాలి, పిల్లల్ని తీసుకురావచ్చా, టిఫిన్ ఉందా. "పానగల్ పార్కు దగ్గర" అని వదిలేయకు. ఏ వీధి, ఎన్నో అంతస్తు, లిఫ్టు పనిచేస్తుందా లేదా రాయి. మన సభ్యుల్లో మోకాళ్ల నొప్పులు లేనివాళ్లు ఎందరు?

ఇక తేదీలు. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకు. బోర్డు మీటింగులో ఫలానా దినం, ఫలానా దినం అని పట్టిక ముందేసుకుని తేదీలు ఖాయం చేసేస్తారు. అక్కడ నువ్వు అడ్డుపడాలి. రక్తదానమే తీసుకో. జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. రెండు శిబిరాలూ ఆ రోజుల్లోనే పెడదామంటారు. కానీ ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. జూన్ 14 నుంచి అక్టోబర్ 1కి వేళ్ల మీద లెక్కపెట్టు, 109 రోజులే. జూన్‌లో ఇచ్చిన ఆడవాళ్లు ఎంతో ఉత్సాహంగా వస్తే గుమ్మంలోనే తిప్పి పంపాల్సి వస్తుంది. అలా ఒకసారి వెనక్కి వెళ్లిన మనిషి మళ్లీ రావడం కష్టం.

ఈ ఏడాది జూన్ శిబిరం ఎలాగూ అయిపోయింది కాబట్టి, అక్టోబర్ 12 దాటాక వచ్చే మొదటి ఆదివారం చూడు. నెలాఖరుకి మాత్రం తొయ్యకు, ఈశాన్య రుతుపవనాలు దిగిపోతాయి. 2015 డిసెంబర్ చూసినవాళ్లకి మన ఊరి వానల సంగతి నేను చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి ఏ వారంలో పడ్డాయో కూడా చూసుకో. దీపావళి ముందు ఆదివారం రంగనాథన్ వీధి చుట్టుపక్కల శిబిరం పెడితే, బట్టల సంచులు మోసేవాళ్లు తప్ప రక్తమిచ్చేవాళ్లు దొరకరు.

వచ్చే ఏడాదికి జూన్ శిబిరాన్నే మే ఆఖరి ఆదివారానికి జరిపించు. అప్పటి నుంచి అక్టోబర్ 1కి ఆడవాళ్లకు కూడా 120 దాటిపోతుంది. పైగా వేసవిలో కాలేజీలకు సెలవులు, అక్కడి శిబిరాలు ఆగిపోయి బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలు తగ్గుతాయి. మన రక్తం అప్పుడే ఎక్కువ అక్కరకొస్తుంది. మేలో మనవాళ్లంతా నెల్లూరు పెళ్లిళ్లలో ఉంటారంటావా, అదీ నిజమే. అందుకే ఏదైనా పెద్ద అపార్ట్‌మెంట్ సంఘంతో కలిసి పెట్టు, మన సభ్యుల మీదే ఆధారపడకు. ప్రకటనలోనే వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలని, పొద్దున ఏదైనా తినే రావాలని రాసేయి.

ఆగస్టు సంచికలో నేత్రదానం గురించి తప్పకుండా వెయ్యి. ఆగస్టు 25 నుంచి సెప్టెంబర్ 8 దాకా నేత్రదాన పక్షోత్సవం. ప్రతిజ్ఞా పత్రాలు నింపించి ఫొటో దిగడంతో మన పని అయిపోయిందనుకుంటారు చాలామంది. చావు జరిగిన ఇంట్లో ఆ కాగితం ఎవరికి గుర్తొస్తుంది? కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకునేలా చిన్న పెట్టెలో వెయ్యి. ఆరు గంటల్లోపే కళ్లు తీసుకోవాలి కాబట్టి వెంటనే ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి. ఫ్యాను ఆపాలి. రెప్పలు మూసి తడి దూది పెట్టాలి. తల కింద దిండు ఎత్తుగా పెట్టాలి. పోయినవాళ్లు ముందు సంతకం పెట్టకపోయినా ఇంటివాళ్లు ఒప్పుకుంటే చాలు. కళ్లజోడున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. నంబరు వేసేముందు నువ్వే ఓసారి ఫోన్ చేసి చూసుకో, రాత్రి పూట కూడా ఎత్తుతున్నారో లేదో.

కార్పొరేషన్ బడిలో స్కూలు బ్యాగులు పంచుదామని ఎవరో ఒకరు తప్పక ప్రతిపాదిస్తారు. ఇక్కడి సర్కారు బళ్లలో పుస్తకాలు, యూనిఫాం, బ్యాగు ప్రభుత్వమే ఇస్తుంది, 2022 నుంచి చిన్న తరగతుల పిల్లలకి పొద్దుటి టిఫిన్ కూడా పెడుతోంది. తేదీ అచ్చువెయ్యకముందే హెడ్‌మిస్ట్రెస్‌ని కలిసి ఏం కావాలో అడుగు. మరుగుదొడ్లు కడిగే ఆయమ్మకి జీతం అనొచ్చు, పాడైన మోటారు అనొచ్చు. ఫొటోకి అవి బాగుండవు, నిజమే. పిల్లల చేతిలో సంచి పెట్టి కెమెరా వైపు తిప్పే బొమ్మ మాత్రం నీ సంచికలో వద్దు.

జరిగిన వార్తలకి ఆ మిగిలిన పావు వంతులో ఏం రాయాలంటావా? వచ్చే ఏడాది నీ కుర్చీలో కూర్చునేవాళ్లకి పనికొచ్చేది. రోటరీ పద్ధతిలో ఏటా మనుషులు మారిపోతారు, తెలిసిన సంగతులు వాళ్లతోనే పోతాయి. ఎందరు వచ్చారు, ఎందరిని ఏ కారణంతో తిప్పి పంపారు, మంచాలు చాలాయా, అనుమతి కోసం ఏ ఆఫీసుకి ఎన్ని రోజుల ముందు అర్జీ పెట్టారు, ఎంత వసూలైంది, ఎంత ఖర్చైంది. తక్కువమంది వస్తే తక్కువే రాయి. ప్రెసిడెంటుగారు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. ముఖ్య అతిథికి ఒక్క వాక్యం చాలు, పేరు మాత్రం తప్పు పోనివ్వకు.

మొదటి సంచిక ప్రెస్సుకి వెళ్లేముందు నాకొకటి పంపు. వాట్సాప్‌లో వద్దు, ఆ అక్షరాలు నాకు ఆనవు, కాగితం మీద పంపు. తేదీలన్నీ పంచాంగంతో తనే సరిచూస్తానంటోంది మీ పిన్ని.

ఆశీస్సులతో,
బాబాయి