కొవిడ్ వచ్చి నెలైంది.. అమ్మకు క్యాన్సర్ ఆపరేషన్ ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు, షుగర్ ఉంది. ఎడమ రొమ్ములో గడ్డకు బయాప్సీ చేసి క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్‌కు రోజు కూడా ఇచ్చారు. ఇంతలో 2021 ఏప్రిల్ 27న కొవిడ్ పాజిటివ్ వచ్చింది. ఇంట్లోనే మందులతో తగ్గింది. ఇప్పుడు జూన్ మూడో వారంలో రమ్మంటున్నారు. అప్పటిదాకా గడ్డ ముదురుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. బంధువులేమో కరోనా పూర్తిగా పోయాక చూద్దామని, అసలు కత్తి పెడితేనే క్యాన్సర్ పాకుతుందని అంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: జూన్ మూడో వారం సరైన సమయమే. ఇంకా ముందే చేయమని ఒత్తిడి చేయకండి. అంతకంటే వెనక్కి మాత్రం జరగనివ్వకండి.

కొవిడ్ తగ్గినట్టు పైకి కనిపించినా ఊపిరితిత్తులు కుదుటపడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆపరేషన్ చేయించుకున్న 1,40,231 మందిని 116 దేశాల్లో పరిశీలించి, ఆ ఫలితాలను 2021 మార్చిలో ప్రచురించారు. పాజిటివ్ వచ్చిన ఆరు వారాల లోపు ఆపరేషన్ జరిగినవారిలో మరణాలు, కొవిడ్ రానివారి కంటే రెట్టింపుకు పైగా ఉన్నాయి. ఏడు వారాలు నిండాక ఆ తేడా దాదాపు పోయింది. ఏప్రిల్ 27 నుంచి లెక్కేస్తే జూన్ 15కి ఏడు వారాలు. మీ డాక్టర్లు లెక్క చూసుకునే చెప్పారు. అప్పటికీ ఆయాసం, దగ్గు మిగిలి ఉంటే దాచకుండా చెప్పండి, ఇంకొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు.

ఇక బంధువుల మాట. నిరుడు లాక్‌డౌన్ సడలించాక నా దగ్గరికి ఒకావిడ వచ్చారు. మార్చిలో గడ్డ ఉసిరికాయంత ఉందట. కరోనా తగ్గాక పోదాంలే అని ఇంట్లోవాళ్లు ఆపారు. నేను చూసేసరికి సెప్టెంబరు. చర్మం చిట్లి పుండు పడితే, పాత నూలుగుడ్డ మడతపెట్టి జాకెట్ లోపల పెట్టుకుని వచ్చారు. ఆ గుడ్డ తీసేటప్పుడు ఆవిడ ముఖం పక్కకు తిప్పుకున్నారు. నాకది ఇప్పటికీ గుర్తొస్తుంది. చాలా రకాల క్యాన్సర్లలో ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణం ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని తేలింది. అందుకే తేదీ లేని వాయిదాకు ఎప్పుడూ ఒప్పుకోకండి. కత్తి పెడితే పాకుతుందన్నది అపోహ. బాగా ముదిరాక ఆపరేషన్‌కు వచ్చినవాళ్లకు జబ్బు తిరగబెట్టడం చూసి పుట్టిన మాట అది.

ఆసుపత్రిలో మళ్లీ కరోనా అంటుకుంటుందన్న భయం కూడా ఉండి ఉంటుంది. నిరుడు మొదటి లాక్‌డౌన్‌లో, మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 వరకు, ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో 494 క్యాన్సర్ ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ తర్వాత ఒక్కరూ చనిపోలేదు. ఆరుగురికి కొవిడ్ వచ్చినా, దానివల్ల ఎవరికీ ఐసీయూ అవసరం పడలేదు.

ఈ మూడు వారాలు ఊరికే కూర్చోవద్దు. బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని ఉంటాయి. మొదటి రెండూ గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా అన్నది, మూడోది హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అన్నది చెబుతాయి. ఈఆర్ పాజిటివ్ అయితే ఆపరేషన్ దాకా గడ్డను అదుపులో ఉంచే హార్మోన్ మాత్రలు మొదలుపెట్టవచ్చు. ఈఆర్ పాజిటివ్ కాకుంటే ఆపరేషన్‌కు ముందే కీమో ఇవ్వడం మేలా అన్నది ఆలోచించాలి. ఈ వారంలోనే రిపోర్టు ఫొటో మీ సర్జన్‌కు పంపి అడగండి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది షుగర్. కొవిడ్‌కు వాడిన మందుల్లో స్టెరాయిడ్లు ఉన్నాయేమో చీటీ తీసి చూడండి. వాటితో షుగర్ బాగా పెరుగుతుంది. అలా ఉంటే గాయం మానదు, చీము పడుతుంది. రోజూ పరగడుపున, తిన్నాక చూసి రాసిపెట్టండి. ముఖం ఒకవైపు వాపు, కంటి నొప్పి, ముక్కులోంచి నల్లగా కారడం కనిపిస్తే బ్లాక్ ఫంగస్ కావచ్చు, అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టర్‌కు తప్పక చెప్పండి. వాటిని సొంతంగా ఆపవద్దు.

మూడు బంతుల స్పైరోమీటర్‌తో రోజుకు నాలుగైదుసార్లు ఊపిరి సాధన చేయించండి. ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి ఆక్సిజన్ చూడండి. 94 కంటే తగ్గితే మీ డాక్టర్‌కు ఫోన్ చేయండి.

కొవిడ్ తగ్గినవారికి ఆర్‌టీపీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ చూపవచ్చు, చనిపోయిన వైరస్ ముక్కలు ఉండిపోతాయి. అలా వస్తే కంగారుపడకండి, పాత రిపోర్టు వెంట ఉంచుకుని చూపించండి. అమ్మగారికి ఇంత త్వరగా మళ్లీ సోకడం అరుదు. వెంట ఉండే మీకే జాగ్రత్త ఎక్కువ కావాలి. వార్డులో కీమో చేయించుకుని నీరసించినవాళ్లు ఉంటారు. ఒక్కరే వెళ్లండి, టెస్ట్ చేయించుకుని వెళ్లండి, హైదరాబాద్‌లో బంధువుల ఇళ్లకు తిరగకండి.

అంతా బాగుంటే రెండుమూడు రోజుల్లో పంపేస్తారు. చంక దగ్గర డ్రెయిన్ ట్యూబు, దానికో డబ్బా ఉంటాయి. రోజూ ఒకే వేళకు అందులోకి ద్రవం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కొలిచి రాయండి. ఆ లెక్క ఫోన్లో చెబితే ట్యూబు తీయడానికి ఎప్పుడు రావాలో చెబుతారు, ఒక ప్రయాణం తప్పుతుంది. తీసిన గడ్డ రిపోర్టు ఎప్పుడు వస్తుందో డిశ్చార్జి కాగితం మీదే తేదీ వేయించుకోండి. తర్వాత కీమో, రేడియేషన్ కావాలా అన్నది ఆ రిపోర్టు చూశాకే చెబుతారు.