వాన పడితే మిస్సింగ్ కొట్టే బండి

అల్లుడూ,

నువ్వు కొన్న పాత మారుతి 800 వానొస్తే చాలు మిస్సింగ్ కొడుతోందనీ, అంటే ఒక్కో సిలిండర్ మండక కుదుపుతోందనీ, ఎండ కాస్తే బంగారంలా నడుస్తోందనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్తే ‘బానే ఉందండీ’ అని పంపేశారట. వాళ్లనేం అనకు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటి షెడ్డుకి చేరేలోపు ఇంజిన్ వేడికి తడంతా ఆరిపోతుంది. ఇక వాళ్లకేం కనపడుతుంది?

ముందు సామాన్లు కొనకు. పని నేర్చుకున్న కొత్తలో ఇలాంటి బండికే నేను ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ విప్పి కడిగాను, పెట్రోల్లో నీళ్లున్నాయేమోనని ట్యాంకు కూడా దింపాను. తర్వాతి వానకి ఓనరు మళ్లీ వచ్చాడు, ఈసారి నా బిల్లు చేత్తో పట్టుకుని. తప్పంతా డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో ఉంది, అంటే ఒక్కో ప్లగ్గుకీ కరెంటు పంచే డబ్బా మూతలో. లోపలివైపు పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల చార, అంతే.

పెట్రోల్ని మండించే రవ్వ ప్లగ్ దగ్గర ఎగరాలంటే వేల వోల్టులు కావాలి. అంత కరెంటు దొంగలాంటిది, కిటికీ తెరిచి ఉంటే తలుపు దాకా రాదు. వైరు మీద జిడ్డూ దుమ్మూ, లేదా క్యాప్‌లో అలాంటి చార ఉండి తడి తగిలిందా, ప్లగ్ దాకా పోకుండా అక్కడే ఇంజిన్ బాడీలోకి దిగిపోతుంది. ఐడిల్లో బాగుండి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కుదుపులిచ్చేది కూడా అందుకే. యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్లో ఒత్తిడి పెరిగి రవ్వకి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి.

వాన కోసం ఎదురుచూడకు, నువ్వే తెప్పించు. ఇస్త్రీ బట్టల మీద నీళ్లు కొట్టే స్ప్రే బాటిల్ చాలు. రాత్రి లైట్లు ఆర్పి, న్యూట్రల్లో హ్యాండ్ బ్రేక్ వేసి, బయటే స్టార్ట్ చెయ్. ఒక్కో ప్లగ్ వైరు మీద, తర్వాత వోల్టేజీ పెంచే కాయిల్ మీద, ఆఖర్న క్యాప్ మీద మంచులా కొద్దిగా కొట్టు. ఒకచోట కొట్టాక కాసేపు ఆగి చూడు, అన్నీ కలిపి తడిపితే దొంగ ఎవడో తెలియదు. ఎక్కడ నీలం రంగు రవ్వలు పాకుతాయో, టిక్ టిక్‌మంటుందో అదే చోటు. కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద నీళ్లు పడనీకు. నడుస్తున్న ఇంజిన్లో వైర్లు ముట్టుకోకు, ఫ్యాన్ దగ్గర చొక్కా చేతులు జాగ్రత్త.

మల్టీమీటర్లో ఓమ్‌లు సరిపోయాయని వైరు మంచిదనుకోకు. లోపల తెగితే మీటరు చెబుతుంది, పైన తొక్క పగిలితే చెప్పదు. నల్ల చార పడ్డ క్యాప్‌ని గీకి మళ్లీ బిగించేవాళ్లున్నారు. అది నాలుగు రోజుల ముచ్చట, కొత్తది బిగించు. క్యాప్ లోపల తిరిగే రోటర్ కూడా దాంతోపాటే మార్చెయ్. ప్లగ్ తెల్ల పింగాణీకి బీట ఉందేమో వెలుతురులో తిప్పి చూడు. దార్లో ఆగిపోతే క్యాప్ విప్పి పొడిగుడ్డతో తుడువు, ఇంటికి చేరుస్తుంది.

మీ బావ కొత్త కారుకి ఈ గొడవ లేదు, ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ కూర్చుంటుంది. కారు తప్పుల కోడ్లు చూపే స్కానర్లో పీ0302 అని వస్తే రెండో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందని. ఆ కాయిల్ని మూడోదాంతో మార్చి చూడు, కోడ్ పీ0303 అయితే కాయిలే పోయింది. ఇంజిన్ లైటు మిటుకుమిటుకుమంటుంటే మాత్రం నడపొద్దను, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. దాని ఖర్చు చూస్తే మీ అక్క ఊరుకోదు.

ఇంకొకటి, ఇది వేరే సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్ నగర్ని ముంచినప్పుడు చూశావుగా. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్‌ని పట్టుకునే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. తోయించుకుని రా.

ఆదివారం రాత్రి నేను ఖాళీ. బాటిల్లో నీళ్లు నింపి ఉంచు. టార్చి వద్దు, మనకి చీకటే కావాలి.

మీ మావయ్య